కవరు మీది పెన్సిలు రాత

ఈ ఉదయం మా ల్యాబులో కొత్తగా చేరిన సుమతి ఎసిటిక్ ఆమ్లం సీసా మూత తీసింది. ఆ పుల్లటి ఘాటు ముక్కుకి తగలగానే నా చేతిలో పని ఆగిపోయింది. తెనాలిలో నేను మొదట చేరిన ఎక్స్‌రే సెంటరులో, ఫిల్ములు కడిగే చీకటి గదిలో అచ్చం ఇదే వాసన. దాని వెంట మస్తాన్ గారు కూడా వచ్చేస్తారు, జేబులో పెన్సిలు, ముక్కు చివరికి జారిన కళ్ళజోడుతో సహా. ఆయన ఆ సెంటరులో టెక్నీషియన్. నాకు పని నేర్పిన మనిషి.

నాది రేపల్లె. బాపట్లలో భౌతికశాస్త్రం డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసై, కళ్ళు నెత్తికెక్కి ఆయన దగ్గర చేరాను. ఆయన చదివింది పదో తరగతే. ఆయనకో అలవాటుండేది. ఫిల్ము పెట్టిన ప్రతి కవరు మీదా, ఓ మూలన, ఆ ఫిల్ములో ఏది కనపడదో పెన్సిలుతో రాసేవారు. 'ఎముక బాగుంది. కండ, నరం ఇందులో తెలియవు.' డాక్టర్లు చూసి నవ్వేవారు. నేనూ నవ్వుకునేదాన్ని. కనపడింది చెప్పాలి గానీ కనపడనిదాని జాబితా ఎవరిక్కావాలి అనుకునేదాన్ని.

ఒక శుక్రవారం ఆయన నమాజుకి వెళ్ళిన సమయంలో పెనుమూడి నుంచి నాగరత్నమ్మ అనే కూలి మనిషి కుంటుకుంటూ వచ్చింది. పది రోజుల కిందట పాదంలో తుమ్మముల్లు విరిగిందట. లోపలేమైనా ఉండిపోయిందేమో చూడమని డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఫిల్ము తీసి దీపానికి పెట్టి చూశాను. ఎముకలు చక్కగా ఉన్నాయి. "లోపల ఏమీ లేదండి, కాలు శుభ్రంగా ఉంది" అన్నాను. ఆవిడ నాకు దండం పెట్టి, మళ్ళీ డాక్టరు మొహం కూడా చూడకుండా నేరుగా బస్సెక్కేసింది.

మస్తాన్ గారు వచ్చి రిజిస్టరు చూశారు.

"ముల్లు కేసా? కవరు మీద ఏం రాశావమ్మాయ్?"

"రాయడానికేముందండి? ఏమీ లేదుగా!"

ఆయన కళ్ళజోడు తీసేశారు. "ఫిల్ములో లేదని చెప్పు. కాలులో లేదని చెప్పడానికి నువ్వెవరు? ముల్లూ కండా ఎక్స్‌రేకి ఒకేలా ఉంటాయే! ఆ మాత్రం తెలీదూ?"

తెలుసు. పుస్తకంలో చదివి పరీక్షలో రాశాను కూడా. నా మొహం మాడిపోయింది.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని రేపల్లె రైలెక్కారు. అక్కణ్ణించి ఆటోలో పెనుమూడి. నాగరత్నమ్మ మోకాలి లోతు బురదలో నాట్లు వేస్తోంది. మమ్మల్ని చూసి గట్టెక్కింది. పాదం ఉబ్బి నిగనిగలాడుతోంది.

"ఏంటమ్మా, ఇంత దూరం వచ్చారు? ఏమీ లేదన్నావుగా. ఆ మాట విని మా ఆయన, పని ఎగ్గొట్టడానికే నీ నాటకాలన్నీ అని తిట్టాడు. అందుకే దిగా."

మస్తాన్ గారు నావైపు చూసి, "నువ్వే చెప్పు" అన్నారు.

"నేను తప్పు చెప్పానక్కా. ఆ ఫోటోలో ముల్లు కనపడదు. నీ కాల్లో ఉండే ఉంటుంది."

ఆ మధ్యాహ్నమే రేపల్లెలో డాక్టరు పాదం కోసి, వేలి కణుపంత నల్లటి ముల్లు తీశాడు. ఇంకో వారం బురదలో నానితే పాదమే తీసేయాల్సి వచ్చేదన్నాడు. తిరుగు రైల్లో నేను ఏడుస్తూనే ఉన్నాను. మస్తాన్ గారు పల్లీలు కొని, పొట్లం నా ఒళ్ళో పెట్టి, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

ఆ ముల్లు నన్ను వదల్లేదు. పై చదువులకి పోయి, మెత్తటి కండరాలని ఎక్స్‌రేలో చూపించే పనిలోనే పడ్డాను. ఎముక కిరణాన్ని అడ్డుకుంటుంది కాబట్టి కనపడుతుంది. కండా ముల్లూ దాదాపు ఒకేలా వదిలేస్తాయి. కానీ ఒకదాన్ని దాటి ఇంకోదాంట్లోకి పోయే అంచు దగ్గర కిరణం పిసరంత వంగుతుంది, బిందె నీళ్ళలో పెట్టిన గరిటె వంగినట్టు కనపడుతుందే, అలాగ. ఆ వంపుని సన్నటి గీతల పలకలతో పట్టుకుంటాం. ఇలాంటి బొమ్మలకి వాడే ఊరంత యంత్రం లేకుండా, ఒక్క గదిలో, మామూలు ఎక్స్‌రే ట్యూబుతో ఆ పని చేయడానికి మాకు ఏళ్ళు పట్టింది.

పోయినేడాది మేక తొడ మాంసంలో తుమ్మముల్లు గుచ్చి తీసిన బొమ్మని అచ్చు వేయించి తెనాలి తీసుకెళ్ళాను. మస్తాన్ గారు ముసలివారైపోయారు. కాగితాన్ని పాత అలవాటున ఫిల్ములాగా కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నారు. ముల్లు అంచులు, దాని చుట్టూ కండ పోగులు, అన్నీ తెలుస్తున్నాయి. "అబ్బ! ఎంత బాగా పడిందే!" అని వేలితో తడిమారు. నేను పొంగిపోయాను. ఆ వెంటనే అడిగారు.

"ఇందులో కనపడనిదేంటమ్మాయ్?"

చెప్పొద్దూ, ఒళ్ళు మండింది. అన్నేళ్ళ కష్టం! అయినా చెప్పాను. "లావు తొడైతే కష్టమండి. మనిషి కదిలితే చెదిరిపోతుంది. చాలాసేపు పడుతుంది కూడా."

ఆయన జేబులోంచి పెన్సిలు తీసి నా చేతిలో పెట్టారు. "రాయి మరి."

రాశాను. పెన్సిలు తిరిగి ఇవ్వబోతే వద్దన్నారు. ఈ వేసవిలో ఆయన పోయారు. ఆ కబురు విన్న రోజు తండ్రి పోయినట్టే ఏడ్చాను.

సీసా మూత పెట్టేసి సుమతి కొత్త బొమ్మ తెరమీదికి తెచ్చింది. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో ఏమీ లేదు మేడమ్" అంది. నేను సొరుగు లాగి, చెక్కీ చెక్కీ బొటనవేలంత మిగిలిన పెన్సిలు తీసి ఆమె ముందు పెట్టాను.