రెండో సంతకం

మొన్న ఆదివారం మా మనవరాలు సోఫాలో కాళ్లు ముడుచుకుని ఫోన్‌లో టికెట్లు చూస్తూ, "తాతయ్యా, రెండు ఫ్లైట్స్ ఉన్నాయి, రెండూ నీ పాత ఎయిర్‌లైన్‌వే, ప్లేన్స్ మాత్రం వేరే కంపెనీలవి. ఏది సేఫ్? షార్ట్‌గా చెప్పు, ప్లీజ్!" అంది. ఆ ప్లీజ్ ఎందుకో నాకు తెలుసు. విమానాల మాటెత్తితే నేను టేకాఫే తప్ప ల్యాండింగ్ ఎరగనని ఇక్కడ టెక్సాస్‌లో, మా ఇర్వింగ్ ఊళ్లో మనవాళ్లందరికీ అనుభవమే. కానీ ఆ రోజు, "ఏదైనా ఒకటేలే," అని తప్పించుకున్నాను.

ఆ ఎయిర్‌లైన్ విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో మెకానిక్‌గా ఉన్న రోజుల్లో ఆ ఇద్దరు తయారీదార్ల విమానాలూ మా చేతుల మీదుగానే వెళ్లేవి. నాతో పనిచేసిన టెక్సాస్ పెద్దాయన ఈ దేశపు విమానాన్ని వెనకేసుకొచ్చేవాడు, ఆఖరి మాట పైలట్ చేతిదే కావాలని. నేనేమో సముద్రం అవతలి విమానం పక్షం, పైలట్ చెయ్యి హద్దు దాటితే కంప్యూటర్ ఆపాలని. (ఇంట్లో నన్ను ఆపే కంప్యూటర్ మా ఆవిడ.) ఎంత వాదించుకున్నా, పని దగ్గర ఇద్దరిదీ ఒకటే పద్ధతి: రెక్కలో ఏ మూత తెరిచినా, మళ్లీ మూసేముందు, ఆ పనిలో చెయ్యి పెట్టని రెండో మనిషి టార్చి వేసి చూసి సంతకం చేయాలి. ఒకసారి ఆయన టార్చి వెలుగులో, కదిలే భాగాల మధ్య, నేను మరచిపోయిన చేతిగుడ్డ కనిపించింది. దాన్ని తీసి నా భుజాన వేసి, "యువర్ టవల్, సర్," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం గానీ, అది అక్కడే ఉండిపోతే గాల్లో ఆ భాగాలు బిగుసుకుపోయేవని ఇద్దరికీ తెలుసు.

కొన్నాళ్లకు పైవాళ్లు, చాలా పనులకు రెండో సంతకం దండగన్నారు, సీనియర్ల సమ్మతి కోసం ఓ కాగితం పంపారు. ఆయన పెన్ను మూత కూడా తీయకుండా ఆ నెలలోనే రిటైరయ్యాడు. ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ల లిస్టులో నా పేరెక్కుతుందన్న భయంతో నేను సంతకం పెట్టాను, అదీ ముత్యాల్లాంటి అక్షరాలతో.

నేను తేల్చకపోయేసరికి మనవరాలు చవకదే బుక్ చేసుకుంది. ఇవాళ పొద్దున ఎయిర్‌పోర్టులో దింపితే, "రీచ్ అయ్యాక మెసేజ్ పెడతా, వర్రీ అవ్వకు," అంటూ లోపలికి వెళ్లిపోయింది. ఇంటికొచ్చినప్పటినుంచీ పెరట్లోనే నిలబడి ఉన్నాను. ఇంటి మీదుగా వెళ్లే విమానం ఏ కంపెనీదో ముక్కు చూసి ఇప్పటికీ చెప్పగలను. దాని రెక్కలో మూత ఆఖరుసారి మూసినవాడి వెనక, టార్చి పట్టుకుని ఎవరైనా నిలబడ్డారా? మా రోజుల్లో, వాదించుకోవడానికైనా, అక్కడ ఇద్దరం ఉండేవాళ్లం.