సుగుణమ్మ గారి ఉప్పునీళ్ళ తొట్టి

చేపల బజారులో ఊక అంటిన ఐసుదిమ్మను గోనెపట్టాలో చుట్టి కర్రతో కొడుతుంటే వచ్చే ఆ తడివాసన నేను ఇప్పటికీ భరించలేను. చేప కొనకుండానే తిరిగొచ్చిన రోజులున్నాయి. ఇంట్లోవాళ్ళు నాకు చాదస్తమంటారు. వాళ్ళు సుగుణమ్మ గారిని ఎరగరు మరి.

తొంభైల చివర్లో రాజోలులో నేను కొత్తగా సైన్సు టీచరుగా చేరిన బళ్ళో ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. ఇల్లు కూడా మా పక్కనే. ఓడలో పనిచేసిన ఆవిడ భర్త పోయాక ముందుగదిలో ఒక పెద్ద ఉప్పునీళ్ళ గాజుతొట్టి మిగిలింది. అందులో రామేశ్వరం వైపు నుంచి ఆయన తెచ్చుకున్న, ప్రాణమున్న పగడపు రాళ్ళు, వాటి మధ్య రెండు నారింజరంగు చేపలు. అంతర్వేది బస్సెక్కితే సముద్రమే ఉంది కదా, ఇంట్లో ఇంకోటెందుకని నేను ఎగతాళి చేసేదాన్ని. "ఆయన చేత్తో పెట్టినవాటిలో ఊపిరున్నవి ఇవేనమ్మా" అన్నారొకసారి. ఆ తర్వాత నవ్వడం మానేశాను.

మా కోనసీమ ఎండాకాలం మనుషులకే ఉడకపోత, పగడాలకు ప్రాణగండం. నీళ్ళు కాస్త వేడెక్కినా ముడుచుకుపోయి తెల్లబారతాయి. ఆవిడ తొట్టి మూత తీసి నీటి మీదుగా టేబుల్ ఫ్యాను పెట్టేవారు. ఆవిరైన మేరకు మంచినీళ్ళే పోసేవారు, ఉప్పు ఎక్కడికీ పోదు కనుక. కరెంటు పోతే, గడ్డకట్టించిన నీళ్ళసీసా మూత బిగించి తొట్టిలో తేల్చేవారు. అది కరిగాకే ఇంకోటి. ఓసారి "రెండు సీసాలూ ఒకేసారి వేసేద్దామండీ" అన్నాను. థర్మామీటరు మీంచి చూపు తిప్పకుండా, "వద్దమ్మా. మెల్లగా ఎక్కిన వేడిని మెల్లగానే దింపాలి. చలవైనా సరే, ఒక్కసారి మీద పడితే తట్టుకోలేవు" అన్నారు. బళ్ళోనూ ఆవిడ తీరు అదే. పరీక్ష తప్పిన పిల్లను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాతే సంగతి చెప్పేవారు.

ఒక ఏడు గుడ్ ఫ్రైడే నాడు ఆవిడ చర్చికి వెళ్ళారు. మధ్యాహ్నం దాటేదాకా ఆరాధన. తాళంచెవి ఎప్పట్లాగే మా ఇంట్లో ఇచ్చారు. నేను ఊళ్ళో లేను. కరెంటు పోయింది. మా నాన్నగారు కొబ్బరి వ్యాపారి, పక్కవాళ్ళకు ఇబ్బందంటే ఆయనకు కాలు నిలవదు. తొట్టి వేడెక్కిపోతుందని మండుటెండలో సైకిలు మీద వెళ్ళి, చేపల బజారు నుంచి ఐసుదిమ్మ తెచ్చి, పగలగొట్టి మొత్తం తొట్టిలో కుమ్మరించారు.

నేను వచ్చేసరికి చేపలు ఒరిగిపోయి తేలుతున్నాయి. పగడాల మీద తెల్లటి జిగురు. సుగుణమ్మ గారు చర్చికి కట్టుకున్న తెల్లచీరలోనే తొట్టి ముందు కూర్చుని ఉన్నారు. నాన్నగారు తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ, "దిమ్మంతా వేసేనండి. అయినా నిలబడలేదండి. నేను తెచ్చేసరికే వేడెక్కిపోయేయంటారా?" అన్నారు.

చంపింది ఆ ఐసేనని నాకు అర్థమైపోయింది. నోరు తెరవబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆయ్, అప్పటికే అయిపోయేయండి అన్నయ్యగారూ. మీరింత ఎండలో వెళ్ళేరు. ఉండండి, మజ్జిగ తెస్తాను."

నా చెయ్యి వదలకుండానే ఆవిడ వంటింట్లోకి నడిచారు. ఆ ఐసు సంగతి మా ఇద్దరికే తెలుసు. మళ్ళీ ఆ తొట్టి నింపలేదు. రిటైరయ్యాక కాకినాడలో చెల్లెలి దగ్గరికి వెళ్ళి అక్కడే పోయారు. తలచుకుంటే నాకు ముందు కోపమే వస్తుంది. అంత దుఃఖాన్ని ఒక్కరే ఎందుకు మింగాలి?

కొన్నేళ్ళకు నాన్నగారు మంచాన పడ్డారు. జ్వరంతో మూలుగుతూ, "ఆవేళ ఇంకాస్త ముందెళ్తే అవి బతికేవేమోనే" అన్నారు. ఆయన నుదుటి మీద తడిగుడ్డ మెల్లగా అద్దాను.

"లేదండీ నాన్నగారూ, అప్పటికే అయిపోయేయండి" అన్నాను.