మా బావకి చేపల ఐసు

మా బావ పోయిన రోజు ఆయన పెట్టె ఇంట్లో లేదు. ముందురోజు సాయంత్రం నేనే దాన్ని రోలుగుంట పక్క పల్లెకి పంపించాను.

పెట్టె అంటే శవాన్ని చల్లగా ఉంచే ఫ్రీజర్ బాక్సు. బావ, అంటే మా అక్క భర్త, సైన్యంలో సుబేదారుగా రిటైరై నర్సీపట్నం వచ్చాక దాన్ని కొని, చావు జరిగిన ఇళ్లకి ఊరికే ఇచ్చేవాడు. సరిహద్దులో ఉండగా వాళ్లమ్మ పోయింది. సెలవు దొరికి వచ్చేసరికి బూడిద మిగిలింది. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు. నేను దాని మీద ఏదో మాట్లాడబోతే, "ఉపన్యాసం ఆపి పెట్టె రెండో పక్క పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన నన్ను ఆయన "సివిలియన్" అనేవాడు. మొదటిసారి కొయ్యూరు తీసుకెళ్లినప్పుడు, ప్లగ్గు ఎక్కడుందో వెతుక్కుంటూ చనిపోయినాయన చుట్టూ ప్రదక్షిణ చేశాను. ఏడుస్తున్నవాళ్లు కూడా ఆగి చూశారు.

"మీ పుస్తకాల్లో ప్లగ్గెక్కడుంటాదో రాయరేటిరా?" అన్నాడు బావ, ఆటో ఎక్కాక.

మరణం గురించి నేను చాలా చదివాను. వైరు పొడవు చాలకపోతే ఏం చెయ్యాలో ఎవరూ రాయలేదు.

బావకి ఒకటే నియమం. పెట్టె ఎప్పుడు తిరిగిస్తారని అడగకూడదు. దింపడం మన పని, తీసుకెళ్లమని కబురు పెట్టడం వాళ్ల పని. ఆయన మోకాళ్లు మొరాయించాక పెట్టె బాధ్యత నాకొచ్చింది, నియమంతో సహా.

ఆయన పొద్దున్నే కాఫీ తాగుతూ గుండె ఆగి పోయాడు. కూతురు, అంటే నా మేనకోడలు, అస్సాంలో మిలటరీ ఆసుపత్రి నర్సు. ఎంత తొందరగా బయల్దేరినా మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాలేదు. మండు వేసవి. ఊళ్లో అద్దెకిచ్చే పెట్టె కోసం ఫోన్ చేస్తే అదీ ఎవరింట్లోనో ఉంది. సాయంత్రానికి కానిచ్చేద్దామన్నారు పెద్దలు.

అక్క నాకేసి చూసింది. "పిల్ల మొకం సూడకుండా ఎత్తనివ్వను. నువ్వేటి సేస్తావో సెయ్యి."

స్కూటరేసుకుని రోలుగుంట వైపు వెళ్లాను. దారంతా ఒక వాక్యం తయారు చేసుకున్నాను. అది "అన్యథా భావించకండి" అని మొదలైంది. ఇంకా దారి మిగలడంతో దాన్ని కొంచెం దిద్దాను కూడా.

అక్కడ పెట్టెలో ఉన్నది ఒక జీడితోట రైతు తల్లి. సూరత్‌లో మిల్లులో పనిచేసే చిన్నకొడుకు ఇంకా రైల్లోనే ఉన్నాడు. నన్ను చూడగానే రైతు లేచాడు.

"రండి మేస్టారూ. పెట్టె సల్లగానే ఉందండి. మిలట్రీ బాబుగారు రాలేదేటండి?"

నిజం చెబితే ఆ క్షణమే తల్లిని కిందికి దించి పెట్టె అప్పజెప్పే మనిషి. నేను అంత చక్కగా దిద్దుకున్న వాక్యాన్ని అక్కడే వదిలేశాను.

"ఒంట్లో నలతగా ఉందండి" అన్నాను.

"ఎండలు కదండీ. మజ్జిగ తాగమని సెప్పండి."

చెబుతానన్నాను. ప్లగ్గు సరిచూసినట్టు నటించి, చనిపోయినాయనకి మజ్జిగ సలహా మోసుకుంటూ బయటపడ్డాను.

నర్సీపట్నం చేపల బజారు దగ్గర పెట్రోలు అయిపోయింది. పాయకరావుపేట వైపు నుంచి వచ్చే చేపలావిడ ఒకామె ఐసు కొడుతోంది. చూస్తూ నిలబడిపోయాను.

"ఏటి బాబూ, వంజరం కావాలా?"

"ఐసు కావాలమ్మా."

"సేప లేకుండా ఉత్త ఐసేటి? సోడా కొట్టు పెడతావేటి?"

చెప్పాను. పొద్దుటి నుంచి నేను బయటివాళ్లకి చెప్పిన నిజం అదొక్కటే. ఆవిడ చేతులు తుడుచుకుంది. "మా అత్తని మీ పెట్టెలోనే పెట్టేం బాబూ" అని పక్కవాళ్లని కేకేసింది. "ఒసే, ఉన్న ఐసంతా ఆటోలో ఎయ్యండే, బేగి!"

వాళ్ల చేపలు ఎండలో ఉండిపోయాయి. ఆ సంగతి నాకు మర్నాటికి గానీ తట్టలేదు.

ఇంటికొచ్చి వాళ్లే గోనెలు పరిచి, రంపంపొట్టు చల్లి, ఐసు సర్దారు. నన్ను పక్కకి జరగమన్నారు. కరిగిన నీళ్లు బకెట్లోకి తోడి పారబొయ్యడం నాకప్పగించారు. సాయంత్రం పెద్దాయనొకరు వచ్చి ముక్కు మూసుకుని, "సుబేదారు గారి దగ్గర ఈ సేపల కంపేటమ్మా" అన్నారు.

"ఆయన సేప తినని రోజు సెప్పండి, అప్పుడు తీయిస్తాను" అంది అక్క.

మేనకోడలు మర్నాడు మధ్యాహ్నం దిగింది. తండ్రి నుదుటి మీద తడి తుడిచి, చాలాసేపు ముఖం చూస్తూ కూర్చుంది. ముఖం బాగానే ఉంది. నేను వివరణ మొదలెట్టాను.

"పెట్టె రోలుగుంట దగ్గర ఉందమ్మా. అక్కడిదాకా వెళ్లాను గానీ..."

"అడిగేవా మావయ్యా?"

"లేదు."

"అడిగుంటే నాన్న లేచి తన్నుండును నిన్ను" అంది. అప్పుడు ఏడ్చింది.

ఏదైనా అనాలని నోరు తెరిచాను. అక్క బకెట్ నా చేతికిచ్చి, "ఇది పారబోసి రా" అంది.

వెళ్లాను.