పేరు చెప్పని నెల

పోయిన గురువారం పొద్దున మా మేడ మీది నర్సత్త పోయింది. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో నా పని. షిఫ్టుకు ముందు ఫోన్ లాకర్లో పెట్టబోతుంటే మోగింది. హిందూపురం ఆసుపత్రి నుంచి ఆమె తమ్ముడు. "అక్క వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఈరోజు ఏ వారం?" గురువారమని నాకు తెలుసు. శనివారమని ఎవరైనా అంటారేమోనని ఆశ.

ఆ శనివారం కోసమే ఆమె ఆఖరి నెలంతా ఊపిరి పట్టుకుని ఉంది.

ఆమెది గుంటూరు వైపు. ధర్మవరానికి నర్సు ఉద్యోగం మీద వచ్చి మా మేడ మీది గదిలో దిగింది. రిటైరయ్యాక కూడా ఖాళీ చెయ్యలేదు. పెళ్ళి చేసుకోలేదు. తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలు ఆ వైపు కొన్ని ఉన్నాయని, తనది అందులో ఒకటని ఆమె చెబితేనే మాకు తెలిసింది. మొదట్లో వీధంతా చర్చి మనిషనుకుంది. అందరూ ఇంట్లో ఉండే ఆదివారం డ్యూటీకి పోయి, శనివారం తలుపు దగ్గరేసుకుని కూర్చునేసరికి ఏమనుకోవాలో తెలియక ఊరుకున్నారు.

వాళ్ళ నెలలు కూడా చంద్రుణ్ణి బట్టే నడుస్తాయి. మన అమావాస్య దాటి పాడ్యమికి అటూ ఇటూగా వాళ్ళ కొత్త నెల పుడుతుంది. దానికి ముందు వచ్చే శనివారం, అంటే వాళ్ళ విశ్రాంతి రోజున, రాబోయే నెల పేరు, అది ఏ రోజున వస్తుందో అందరికీ వినబడేలా చాటి, దాన్ని దీవించమని దేవుణ్ణి అడగాలి. వాళ్ళ ఊళ్ళో అది అందరూ లేచి నిలబడి వినే ప్రార్థన. ధర్మవరంలో ఆమె ఒక్కతే. అందుకని మెట్లు దిగి, కింద నుంచి మూడో మెట్టు మీద నిలబడి మాకు చెప్పేది. వరండాలో పట్టు కండెలు చుట్టే మా అవ్వ రాట్నం ఆపేది. లోపల నాయన మగ్గం మాత్రం ఆగేది కాదు.

ముందు తన హీబ్రూలో, తర్వాత మాకోసం తెలుగులో. నాలుగు దిక్కులకూ చెదిరిపోయిన మమ్మల్ని ఒక చోటికి చేర్చు అని మొదలయ్యేది. నిండు ఆయుష్షు ఉన్న బతుకు ఇవ్వు, శాంతి ఉన్న బతుకు, తిండికి లోటు లేని బతుకు, ఎముకల్లో సత్తువ ఉన్న బతుకు, సిగ్గూ నిందా లేని బతుకు.

"ఆ ఎమికల మాట ఇంగోసారి గట్టిగా చెప్పు నర్సమ్మా. నా మోకాళ్ళకు ఇనపడల్ల" అనేది అవ్వ.

"చెప్పానండీ అవ్వగారూ."

"అన్నీ అడుగుతాండావు, వాన అడగవేమే?"

"వానకి వేరే ప్రార్థన ఉందండీ. దాని వేళ వేరు."

"ఏంది, మీ దేవుని కాడ గూడా ఆఫీసు మాదిరి కౌంటర్లు ఉండాయా?"

నర్సత్త నవ్వేది కాదు. నవ్వు పూర్తిగా మింగాక నా వైపు చూసేది. ఆమెన్ అనడం నా పని. నేను ఒక చోట కుదురుగా నిలబడే మనిషిని కాను. డిగ్రీ అయ్యాక చేరిన ఉద్యోగాలు మానేసిందీ నేనే, ఊరు మారిందీ నేనే. ఎక్కడున్నా ఆ శనివారానికి మాత్రం వీలైనంత వరకు ఇంటికొచ్చేదాన్ని. ఎవరూ ఆమెన్ అనకపోతే ఆమె అక్కడే నిలబడిపోతుందని చిన్నప్పటి భయం. పెద్దయ్యాక కూడా అది పోలేదు.

దేవుడికి పెట్టినవి, పెద్దలకు పెట్టినవి ఆమె తినేది కాదు. మొదటి పండక్కే అవ్వకు కోపం వచ్చింది. "మేం చేసింది నీకు మైలా?" అని అడిగేసింది. "అదేం కాదండీ. పెట్టకముందు తీసింది ఇవ్వండి, కడుపు నిండా తింటాను" అంది నర్సత్త. అప్పటి నుంచి ఏ పండక్కైనా పూజకు ముందే ఒక పళ్ళెం సర్ది, మూతపెట్టి, ఆ మూడో మెట్టు మీద ఉంచేది అవ్వ. కాసేపటికి కడిగిన పళ్ళెం అదే మెట్టు మీద కనబడేది.

ఈ ఎండాకాలం నడుం నొప్పి అంది. వానాకాలానికి అది క్యాన్సరని, ఎముకల్లోకి పాకిందని తేలింది. ఎక్స్‌రే ఫిల్మును తనే కిటికీ వెలుగుకు పట్టి, "ఇదిగో, ఇక్కడా, ఇదిగో, ఇక్కడా" అని వేరే ఎవరిదో చూపించినట్టు చూపించింది. నాకు ఒళ్ళు మండింది.

"ఇన్నేళ్ళు ఎముకల సత్తువ అడిగినావు గదా అత్తా. ఇదేనా ఇచ్చింది?"

"నాకు అని ఎప్పుడడిగాను? మాకు అనే అడిగాను. మీ అవ్వగారు ఇంకా లేచి తిరుగుతున్నారు కదా, అమ్మాయ్."

ఆ జవాబు నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు.

హిందూపురంలో చేర్చారు. నా హాస్టల్ అక్కడే కాబట్టి షిఫ్టు దిగి రోజూ పోయేదాన్ని. నెల చెప్పాల్సిన శనివారం మంచం పక్కన నిలబడి ఎదురు చూశాను. ఆమె పెదవులు కదిలాయి, ప్రార్థన అయిపోయింది, నెల పేరు రాలేదు. మందు మత్తులో మరిచిపోయిందనుకుని, "నెల చెప్పలేదు అత్తా" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "ఈ నెలకి చెప్పకూడదు. ఇది మా కొత్త సంవత్సరం మొదటి నెల. దీన్ని మనుషులు దీవించరు. ఆయనే దీవిస్తాడంటారు మా పెద్దలు."

"మనమేం చెయ్యాల మరి?"

"నోరు మూసుకుని ఉండాలి. ఎవరికి ఏం రాసి ఉందో తేలే నెల." మళ్ళీ, "పై నెల చెప్తాను. ఆ శనివారం దాకా ఉంటే చాలు. మూగనెల మీద పోవడం నాకిష్టం లేదు" అంది.

అంతకంటే పెద్ద కోరిక ఆమె నోట ఎన్నడూ వినలేదు. సంవత్సరాది ఆ మంచం మీదే గడిచింది. వెన్నెల పెరిగింది, తరిగింది. పక్కకు తిప్పుతుంటేనే తొడ ఎముక విరిగింది. ఆ కేక వార్డు బయటికి వినబడింది. కేక వేసినందుకు డ్యూటీ నర్సుకు ఆమే క్షమాపణ చెప్పుకుంది. మార్ఫిన్ ఇచ్చినప్పుడల్లా ఏ వారమని అడిగేది.

బుధవారం సాయంత్రం ముఖం చూస్తే నాకు అర్థమైంది. "ఇప్పుడే చెప్పెయ్ అత్తా. నేను ఆమెన్ అంటాను. దేవుడేం క్యాలెండర్ పట్టుకుని కూర్చోడు."

ఆమె కళ్ళు తెరిచింది. "బుధవారం చెప్తే అది వార్త అవుతుంది. దీవెన కాదు."

తెల్లారి పోయింది.

పెనుకొండ నుంచి బస్సు పట్టుకుని నేను వెళ్ళేసరికి తెల్లగుడ్డ చుట్టేశారు. పూడ్చడానికి వాళ్ళు ఆలస్యం చెయ్యరు. తమ్ముడు అటునుంచటే గుంటూరు వైపు తీసుకుపోయాడు. నాలుగు దిక్కుల్లో ఒక దిక్కు నుంచైనా ఒకర్ని చేర్చినట్టయిందని బండి తలుపు మూస్తుంటే అనిపించింది. చేర్చడమంటే ఇదేనా అని కూడా అనిపించింది.

శనివారం ధర్మవరం వెళ్ళాను. ఆరోజే పెద్దల అమావాస్య. మగ్గానికి సెలవు. పోయినవాళ్ళకు విస్తళ్ళు వెయ్యడానికి అవ్వ పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే ఉంది. వంటయ్యాక నాయన విస్తళ్ళు పరిచాడు. అవ్వ వాటి వైపు పోకుండా ముందు ఒక పళ్ళెం తీసింది. అన్నం, పప్పు, వడ సర్ది మూతపెట్టి వరండాలోకి నడిచింది.

"యాడికిమా?" అన్నాడు నాయన. "ఇంగ ఆయమ్మకు గూడా ఈడనే ఒక విస్తరి వెయ్యి. ఆయమ్మా పోయినోళ్ళలోనే గదా."

"పెద్దలకు పెట్టింది ఆయమ్మ తినదురా" అంది అవ్వ.

పళ్ళెం మూడో మెట్టు మీద పెట్టి, కింది మెట్టు మీద తను కూర్చుంది. "ఈపొద్దు గదమే, నెల పేరు చెప్పేది?" అని నన్ను అడిగింది.

అవునన్నాను. నెల పేరు నాకు తెలుసు. రేపే వస్తుందనీ తెలుసు. కానీ నాకు అప్పజెప్పింది ఆమెన్ ఒక్కటే.

అవ్వ మెడ ఎత్తి మెట్ల పైకి చూస్తూ కూర్చుంది. లోపల విస్తళ్ళు ఎత్తేశారు. కాకులు వచ్చి తిని పోయాయి. పొద్దు వాలేసరికి మూత చుట్టూ చీమలు బారు కట్టాయి. అవ్వ వాటిని తోలలేదు, పళ్ళెం తియ్యలేదు.

నేను నిలబడే ఉన్నాను.