మిట్టకెక్కించిన ఫైళ్ళు

మా ఇంట్లో బ్యాకప్ అనే మాట ఎవరమూ వాడం. మా ఆయన దానికి పెట్టిన పేరు ‘మిట్టకెక్కించడం’. ఆయనది శ్రీశైలం డ్యామ్ నీళ్ళలో మునిగిపోయిన ఊరు. నీళ్ళొస్తున్నాయని తెలిసినప్పుడు ఊరంతా బస్తాలూ మంచాలూ మోసుకుపోయి మిట్ట మీద పెట్టుకున్నారట. అప్పుడు ఆయన చిన్నపిల్లవాడు. అది చూసినప్పటి నుంచి ఆయనకు ఏ వస్తువైనా రెండు రకాలే: మిట్ట మీద ఉన్నది, మునిగిపోయేది. రేషన్ కార్డు జిరాక్సు తీసి బీరువాలో పెట్టినా మిట్టకెక్కించానే అనేవాడు.

ఊరు వదిలేటప్పుడు మా మామగారు ఇంటి ద్వారబంధం పెరికి బండి మీద వేసుకొచ్చారు. కల్లూరులో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు వాకిలికి దాన్నే పెట్టాలని మా ఆయన పట్టుబట్టాడు. కొత్త గోడలకు ఆ పాత టేకు అతకలేదు. మేస్త్రీ విసుక్కున్నాడు, నేనూ విసుక్కున్నాను. ఆయన విననే లేదు. ఇప్పటికీ మా ఇంట్లోకి రావాలంటే ఆ మునిగిన ఊరి గడప దాటే రావాలి.

ఎండాకాలం నీళ్ళు తగ్గితే ఆ ఊరి పునాదులు బయటపడతాయి. ఏటా ఆయన మా అత్తను వెంటబెట్టుకొని పోయేవాడు. ఆమె నెర్రెలిచ్చిన బురదలో చెప్పులు చేత్తో పట్టుకొని నడుస్తూ, ఇది మన వాకిలి, ఇది బాయి, ఈడ మీ జేజి నిన్నెత్తుకొని కూసునేది అని చూపించేది. ఆయన సెల్లు పట్టుకొని వీడియో తీస్తూ ప్రశ్నలు అడిగేవాడు. తీసేవాడు ఆయనే కాబట్టి ఏ వీడియోలోనూ ఆయన కనిపించడు. గొంతు మాత్రమే వినిపిస్తుంది.

ఆ వీడియోలన్నీ కంప్యూటర్లోకి పోయేవి. అది మా పాప చదువుకని కొన్నది. బిగించడానికి వచ్చినాయన, వెతుక్కునే పని లేకుండా తెర మీదే ఫోల్డర్ బొమ్మలు పెట్టిపోయాడు. ఒక్కో బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు. మా ఆయన ఒక్కో బొమ్మకు తనే పేరు పెట్టుకొని, దాన్ని తెరిచి వీడియోలు అందులో వేసి, సెల్లులోంచి చెరిపేసేవాడు. ఆ తర్వాత పెన్‌డ్రైవ్ గుచ్చి, బాణం ఉన్న ఆ బొమ్మల్నే అందులోకి లాగేవాడు.

“చూడు మే, రెప్పపాటులో ఎక్కిపోయినాయి!” అనేవాడు. “సెల్లు నాలుగు వీడియోలకే నిండిపోతాది. ఇది ఎంత పోసినా నిండదు.”

“నీ పెన్‌డ్రైవు శ్రీశైలం డ్యామ్ కంటే పెద్దది మరి,” అనేదాన్ని నేను.

సరిగ్గా ఎక్కాయో లేదో చూడకుండా లేచే మనిషి కాదు. పెన్‌డ్రైవ్‌లోంచే ఒకటి తెరిచేవాడు. అత్త తెర మీదికొచ్చి బాయి ఎంత లోతో చెప్పేది. ఆయన తృప్తిగా పెన్‌డ్రైవ్ పీకి, చేతిరుమాల్లో చుట్టి, బీరువాలో నా నగల పెట్టె పక్కన పెట్టేవాడు.

ముందు మా అత్త పోయింది. పోయిన వానాకాలంలో, ఛాతీలో నొప్పి అంటూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఆయనా పోయాడు. సెల్లులో గొంతు రికార్డు చేసి పంపే అలవాటు ఆయనకు లేదు. ఎవరితోనైనా నేరుగా మాట్లాడాల్సిందే. అంటే ఆయన గొంతు మిగిలింది ఆ వీడియోల్లోనే. నేను కంప్యూటర్ ముట్టుకోలేదు. వినాలని ప్రాణం కొట్టుకుపోయేది, వింటే తట్టుకోలేనని భయం. ఎక్కడికి పోతుందిలే, ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు అనుకుంటూ కాలం గడిపాను.

ఈ ఎండాకాలం ఒకరోజు పోయిన కరెంటు మళ్ళీ ఒక్కసారిగా ఎక్కువై వచ్చింది. ఫ్యాను పిచ్చిపట్టినట్టు తిరిగింది, కంప్యూటర్‌లోంచి కాలిన వాసన వచ్చింది. కర్నూల్లో షాపాయన విప్పి చూసి, లోపలి డిస్కు కాలిపోయిందని, అందులోవి ఇక రావని చెప్పాడు. బాధపడతానేమోనని నెమ్మదిగా చెప్పాడు పాపం. నేను నవ్వాను.

“పోతే పోనీలేప్పా. మా ఆయన అన్నీ ఎప్పుడో మిట్టకెక్కించినాడు,” అన్నాను.

మా పాపది కడపలో ఉద్యోగం. ఆదివారం లాప్‌టాప్ తీసుకొని వచ్చింది. చేతిరుమాలు విప్పి పెన్‌డ్రైవ్ నేనే ఇచ్చాను. తెర మీద పేర్లన్నీ వరసగా వచ్చాయి, ఆయన తెలుగులోనే కొట్టుకున్న పేర్లు. అమ్మ వాకిలి. అమ్మ బాయి. అమ్మ గుడికాడ. చూడగానే నాకు ఏడుపు వచ్చింది, సంతోషంతోనే వచ్చింది. పాప ఒకటి నొక్కింది. తెరుచుకోలేదు. ఇంకోటి నొక్కింది. తర్వాత అన్నీ నొక్కింది.

“నీ లాప్‌టాప్ బాగలేదు. పక్కింటోళ్ళది అడుగుదాం ఉండు,” అన్నాను.

“లాప్‌టాప్ బాగుండాది మా,” అంది పాప. “ఇవి వీడియోలు కావు. వీడియోలు యాడుండాయో చూపించే గుర్తులు. ఆ కంప్యూటర్‌కు గుచ్చినప్పుడు అందులోవే తెరుచుకున్నాయి. నాయన ఇందులో ఉండాయనుకున్నాడు.”

“అంటే ఇందులో ఏముండాది?”

“ఏమీ లేదు మా. పేర్లుండాయి.”

నాకు మంట రేగింది. బాణాలు పెట్టిపోయినాయన మీద, కరెంటు మీద, అన్నింటికంటే ఎక్కువ మా ఆయన మీద. ద్వారబంధం తెచ్చుకుంటే ఇల్లు వచ్చినట్టేనా, తండ్రీ కొడుకులకు ఇదేం తెలివి అని, ఆ గడప మీదే కూర్చొని, లేని మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి తిట్టి అలసిపోయి ఏడ్చాను. పాప ఆపలేదు, నా పక్కనే కూర్చుంది.

మరుసటి వారం ఇద్దరం ఆ ఊరికి పోయాం. నీళ్ళు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. ఎటు చూసినా ఒకే రకం రాళ్ళు, ఒకే రకం బురద. మా వాకిలి ఏదో చెప్పేది అత్త, గుర్తుపట్టేది ఆయన. మాకిద్దరికీ తెలియలేదు. ఏదో ఒక పునాది మీద కూర్చున్నాం.

ఒక వీడియో చివర మాత్రం నాకు బాగా గుర్తుంది, ఆయన నన్ను పిలిచి మరీ చూపించాడు. ఆయన “అమ్మా, పోదామా? ఎండెక్కుతాంది,” అంటాడు. అత్త “ఉండు రా, కొంచేపు కూసోనీ,” అంటుంది. అంతే. అదే పాపతో చెప్పాను.

“నాయన అన్నట్టే అను మా,” అంది.

“అమ్మా, పోదామా? ఎండెక్కుతాంది,” అన్నాను.

మాటలు పొల్లుపోకుండా వచ్చాయి. గొంతు నాదే వచ్చింది. మళ్ళీ అన్నాను, ఈసారీ నాదే. పాప తల తిప్పుకొని నీళ్ళకేసి చూసింది, ఇంకోసారి అనమని అడగలేదు.