సముద్రానికి చలిమిడి

ఇలా వచ్చి గోడకి ఆనుకుని కూర్చో, బుజ్జీ. కాళ్ళు ఊపకు, అక్షరాలు వంకర పోతాయి. సరిగ్గా విని, చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ తెలివి కలపకు. ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఆకాశం కనపడేది కాదు. మబ్బులు పట్టి కాదు, బోర్డులు పట్టి. ఏ మేడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే, ఒకదాని నెత్తిన ఇంకొకటి. చాయ్ తాగి రోడ్డు దాటేలోపు చేతిలో నాలుగు కరపత్రాలు పడేవి. అలాంటి ఒక మేడ రెండో అంతస్తులో, మెట్ల పక్కన బల్ల దగ్గర నా ఉద్యోగం. వచ్చిన పిల్లలకి ఏ కోర్సు మంచిదో నేను చెప్పాలి. (నాకు కంప్యూటర్ పెట్టడం వచ్చు. ఆపడం పక్క బల్ల అమ్మాయి చూసుకునేది.) మీ అమ్మ అప్పటికి ఎల్కేజీ. తాతయ్య సనత్‌నగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు.

మా సారుది మెదక్ వైపు. వెనకాల అందరం గాలం సారు అనేవాళ్ళం. ఆదివారం వస్తే గోధుమపిండి ముద్ద కట్టుకుని ఏదో ఒక చెరువు గట్టున కూర్చునేవారు. ఫాల్గుణం వచ్చి చెరువులు అడుగంటాయంటే ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. ఆ ఏడాది ఉగాదికి ముందే పంజాగుట్టలో రెండో బ్రాంచి తెరుస్తున్నామన్నారు. దానికో ఇన్‌చార్జి కావాలి. ఇన్‌చార్జికి గాజు తలుపు గది, తలుపు మీద పేరు. నేను ఆ తలుపు మీద నా పేరు తెలుగులో బాగుంటుందా ఇంగ్లీషులో బాగుంటుందా అని కూరలు తరుగుతూ కూడా ఆలోచించేదాన్ని. సరిగ్గా అప్పుడే సారు నా బల్ల దగ్గరికొచ్చి, "మీది సముద్రం దిక్కే గదమ్మా?" అన్నారు.

మాది తెనాలి. సముద్రానికీ మాకూ మధ్య బోలెడు ఊళ్ళు. నేను సముద్రాన్ని చూసింది రెండుసార్లు, మాఘ పౌర్ణమి స్నానాలకి, అదీ మా నాన్న చెయ్యి వదలకుండా, చీలమండల లోతులో. కానీ కళ్ళ ముందు గాజు తలుపు ఉంది కదా. "సముద్రంలోనే పెరిగాం సార్" అన్నాను.

"గట్లయితే స్టాఫంత పోదాం. చెరువుల చేపకు గోధుమపిండి ఏస్త. సముద్రం చేపకేం ఎయ్యాలె?"

తెలీదు అనొచ్చు. అంటే నేను నేనెలా అవుతాను. "పుట్టినప్పట్నించీ ఉప్పులోనే ఉంటాయి కదా సార్, వాటికి ఉప్పంటే మొహం మొత్తి ఉంటుంది. తీపి పెట్టాలి" అన్నాను. సారు కాసేపు ఆలోచించి, "లాజిక్ ఉన్నది" అన్నారు. (కంప్యూటర్లు నేర్పే మనిషి మరి.)

ఇంకేం, బియ్యం నానబోసి, పిండి కొట్టించి, బెల్లం పాకం పట్టి డబ్బా నిండా చలిమిడి చేశాను. చేపకి ఏలకులెందుకే అని తాతయ్య అడిగారు. ఒకరి నోటికి పెట్టేటప్పుడు లోటు చేయకూడదన్నాను. రైల్లో మా స్టాఫు అది ఎర అని తెలిసీ సగం తినేశారు. తెల్లారేసరికి బాపట్లలో దిగి సముద్రం ఒడ్డుకి చేరాం. పడవ నడిపే తాత డబ్బా మూత తీసి, అందులోకి చూసి, నన్ను చూశాడు. "ఏంటమ్మా, చలిమిడి తెచ్చావు. సముద్రానికి ఎన్నో నెల?"

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. పడవ కదిలింది, దాంతోపాటు నేనూ అంచు మీదికి ఒరిగాను. అంచు పట్టుకుని వేలాడుతుంటే తాత "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. తెనాలి అన్నాను. "తెనాల్లో సముద్రం ఎప్పుడు తవ్వారు?" అన్నాడు. పడవంతా నా వైపు తిరిగింది. సారు పాపం నా మాట మీద గౌరవంతో చలిమిడి ఉండ గాలానికి గుచ్చి వేశారు. పైకి లాగితే బోడి గాలం. మళ్ళీ వేశారు, మళ్ళీ బోడిదే. అది నీళ్ళలో కరిగిపోతోంది. చివరికి తాత జాలిపడి ఒక రొయ్య ముక్క గుచ్చిచ్చాడు. కాసేపటికే ఇంత పొడుగు పండుగప్ప పడింది. సారు ఆ చేపని ఒళ్ళో పెట్టుకుని ఒడ్డు చేరేదాకా దాన్నే నిమురుతూ కూర్చున్నారు. నా గాజు తలుపు భళ్ళుమన్న చప్పుడు నాకు మాత్రం వినపడింది.

ఒడ్డున ఇసకలో కూర్చుని, మిగిలిన చలిమిడి తింటూ నన్ను పిలిచారు. "అబద్ధం మస్తు చెప్తవమ్మ. నాకు జర సుత అనుమానం రాలే. సముద్రం తెల్వని మనిషి చెప్తే ఇంతమందిమి రైలెక్కినం. పంజాగుట్టకు నువ్వే పో. కోర్సులు చెప్పనీకి నీ అసొంటోళ్ళే కావాలె."

అలా వచ్చింది నాకు గది. మొదటి రోజు బోరబండ నుంచి ఒక తాపీమేస్త్రీ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. పొద్దున్నే పనికి పోవాల్సినవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. "అమ్మా, గిది నేర్చుకుంటే పిలగానికి నౌకరీ పక్కానా?" అన్నాడు. పక్కా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ తండ్రి చేతుల మీద ఆరిన సిమెంటు చూశాను. ఎక్కణ్ణించో ఆ పడవ తాత గొంతు, తెనాల్లో సముద్రం ఎప్పుడు తవ్వారు అని. "తెలీదన్నా" అన్నాను. "నాకు నిజంగా తెలీదు. ముందు ఓ వారం ఊరికే కూర్చోమనండి, బుర్రకెక్కితే అప్పుడు చేరుదురుగాని." గాజు తలుపు అవతల సారు నుదురు కొట్టుకోవడం స్పష్టంగా కనపడింది. గాజు తలుపుతో వచ్చిన చిక్కే అది.

పిల్లవాడు చేరాడు. నేనూ ఆ గదిలో చాలా ఏళ్ళున్నాను. కానీ ఇప్పటికీ బెల్లం పాకం వాసనొస్తే, పడవ అంచున వేలాడుతూ కూడా కొంగు సర్దుకుని, "ఇక్కడ లోతు తక్కువ సార్" అని చెప్పిన ఆ పిల్లే గుర్తొస్తుంది. దాన్ని ఒక్కసారి ఇలా ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఓ చలిమిడి ఉండ చేతిలో పెట్టి, ఒసేయ్, తెలీదు అనడం ఇంత తేలికని నీకు ఎవరూ... వస్తున్నానే తల్లీ, వడ్డించు, చెయ్యి కడుక్కుంటున్నా. (మీ అమ్మ అన్నానికి పిలుస్తోంది. నవ్వకు బుజ్జీ. ఇది రాయకు.)