పొట్టి గార్డు, పొడుగు బావ

మొన్న ఆదివారం ప్రార్థన అయిపోయేక, బర్మాలో మేముండే తాకేటా పేటలో, మా సందు మొగలో ఉన్న టీ కొట్లో కూకున్నాను. టీవీలో అమెరికావోళ్ల బాస్కెట్‌బాల్ వస్తన్నాది. అందులో ఒక పొట్టి గార్డు, అంటే బంతి నడిపీవోడు, దాన్ని నేలకేసి కొట్టుకుంటూ పొడుగోళ్ల చంకల కిందనుంచి దూరిపోతన్నాడు. కొట్లో కుర్రోళ్లు రెండు జట్లయిపోయేరు. ఇలాంటోడు ఎన్ని పాయింట్లు కొట్టినా ఆఖర్ని కప్పు తేలేడని కొందరు, తెస్తాడని కొందరు. ఒకడు నాకేసి తిరిగి, ఊ లే, నువ్వేటంటావు అని బర్మా బాసలో అడిగేడు. ఊ లే అంటే ఇక్కడ బాబాయ్ అన్నట్టు. టీ చల్లారిపోతన్నాదన్నాను. వాళ్లు నవ్వీసి మళ్లీ టీవీకేసి తిరిగిపోయేరు.

ఇంటికొచ్చినా ఆ మాట నన్ను వదల్లేదు. చెప్పుకుందామంటే మా ఇంటిది పోయి చాన్నాళ్లయింది. నేను చదివింది నాలుగో క్లాసే, ఇలా కూకుని రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మీరే సర్దుకోండి.

నా ఈడోళ్లు ఎవరైనా ఉంటే మీకు గుర్తుండే ఉంటాది, మన తెలుగు చర్చి వెనకాల గోడకి ఒక ఇనప రింగు ఉండీది. మా మేనమామ కొడుకూ నేనూ అక్కడే ఆట నేర్చుకున్నాం. బావ ఆరడుగులు దాటీసేడు, నేను అయిదడుగుల మూడంగుళాల దగ్గర ఆగిపోయేను. చర్చిలో పాట పుస్తకం ఒకటే ఇస్తే, తను కిందకి వంగీవోడు, నేను మునికాళ్ల మీద లేచీవోణ్ణి. ఆటలో మాత్రం అలా కుదిరీది కాదు, అందుకని మేం గుర్తు మాటలు పెట్టుకున్నాం. నేను మీదకి అని అరిస్తే బంతి రింగు పక్కకి ఎగరేస్తాను, తను గెంతి అందుకోవాల. వెనక్కి అని అరిస్తే, అది అసలైంది. బంతి బావకి ఇస్తాను, అందరూ ఆ పొడుగు మనిషి మీద పడతారు, తను చూడకుండానే వెనక్కి నాకు విసిరేస్తాడు, నేను ఖాళీగా నిలబడి బుట్టలో వేసేస్తాను. నేనలా వెనక్కి అని అరిచినప్పుడల్లా మా పెద్దమ్మ నీళ్ల బిందెతో వస్తూ వస్తూ నిజంగానే నాలుగడుగులు వెనక్కేసీది, తర్వాత మమ్మల్ని తిట్టీది.

అప్పట్లో చౌక్తడా పేటలో ఒక బియ్యం కంపెనీకి సొంత జట్టు ఉండీది. ఆడీవోళ్లకి గొడౌన్లో ఉద్యోగం ఇచ్చీవోరు, పొద్దున్న బస్తాలు చూసుకోడం, సాయంత్రం ఆట. బావని చూడగానే తీసీసుకున్నారు. నన్ను చూసి సెయా, అంటే మాకు ఆట నేర్పే మాస్టారు, వీడెవడు, బంతులు మోసీవోడా అన్నాడు. వీడు లేకపోతే నాకు బంతి అందదు సెయా అన్నాడు బావ. ఆ ఒక్క మాటతో నాకు ఉద్యోగం వచ్చింది.

ఆ ఏడు ఎవరూ మమ్మల్ని ఆపలేకపోయేరు. ఊళ్లో ఏ జట్టుకైనా మా తెలుగు ఏటి తెలుస్తాది, మేం వాళ్ల ముఖం మీదే అరుచుకుని వాళ్ల ముఖం మీదే బుట్టలో వేసీవోళ్లం. పొట్టోడైతే ఏం, కప్పు వీడే తెస్తాడని గొడౌన్లో అందరూ అనీవోరు. నేనూ నమ్మీసేను.

ఫైనల్లో ఆఖరి నిమిషానికి ఒక పాయింటు వెనకబడున్నాం. బంతి బావకిచ్చి వెనక్కి అని అరిచేను. అందరూ బావ మీద పడ్డారు. ఒక్కడు మాత్రం, ఆరో నంబరు బనీను వేసుకున్న బర్మా మనిషి, బావని వదిలీసి మా ఇద్దరి మధ్యకి ముందే వచ్చి నిలబడిపోయేడు. బంతి నేరుగా వాడి చేతుల్లోకెళ్లింది.

నువ్వు లేటుగా అరిచేవు అన్నాడు బావ. నువ్వు చూసి విసరలేదు అన్నాను నేను. సెయా బంతి సంచీలో వేసుకుని వెళ్లిపోయేడు. నెల తిరక్కుండా, పొట్టి గార్డుతో కప్పు రాదని పైవోళ్లు తేల్చీసేరని చెప్పి, నా జాగాలో ఒక పొడుగు కుర్రోణ్ణి తెచ్చేడు. జట్టులో లేనోడికి గొడౌన్లో ఏటి పని, అదీ పోయింది. నాకోసం బావ ఈసారి ఒక్క మాటైనా అంటాడనుకున్నాను. అన్లేదు. మరుసటేడు వాళ్లు కప్పు కొట్టేరు. బావ దాన్ని పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చి పిలిస్తే, ఇంట్లోనే ఉండి పలక్కుండా ఊరుకున్నాను.

ఆ తర్వాత చెప్పులు కుట్టుకుని బతికేను. బావ సంచౌంగ్ పేటకి కాపరం మార్చీసేడు. పెళ్లిళ్లకీ చావులకీ కలిసీవోళ్లం. అన్నం తిన్నావా అంటే తిన్నాను, అంతే. ఒకసారి ఎవరి పెళ్లిలోనో నా పక్కన కూకుని, ఒరే, ఆ రోజు, అని మొదలెట్టేడు. నేను కూర వడ్డించుకోడానికి లేచిపోయేను.

మూడేళ్ల కింద బావ పోయేడు. సమాధుల దగ్గర మట్టి వేసి చెయ్యి కడుక్కుంటంటే ఒక ముసలాయన నా దగ్గరకొచ్చేడు. మొదట పోల్చలేదు. బర్మా బాసలో తన పేరు చెప్పి, ఆరో నంబరు అన్నాడు. తర్వాత మాటలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ తెలుగులో చెప్పేడు.

"నువ్ వెనక్కి అన్నావ్. మా అమ్మ తెలుగు. నాకు మాటాడ్డం రాదు, వినబడతాది."

నేను తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాను. ఆయనే మళ్లీ, మీ బావకి చెప్పాల, చెప్పాల అనుకున్నా, బయ్యం వేసింది అన్నాడు. నాక్కూడా బయ్యమే అన్నాను. ఇద్దరం అక్కడే ఒక బల్ల మీద కూకుని టీ తాగేం. నేను లేటుగా అరవలేదు, బావ తప్పుగా విసరలేదు. ఆ సంగతి బావకి చెప్పడానికని అప్పుడే తిరిగి మట్టి దిబ్బకేసి చూసేను, పూలు అప్పటికే వాడిపోతన్నాయి.

ఆ ఆరో నంబరాయన రెండు ఆదివారాలు మా చర్చికొచ్చి వెనక బల్ల మీద కూకుని పాటలు విని వెళ్లేడు. వానలు మొదలయ్యేక ఆయనా పోయేడని తెలిసింది.

పొట్టోడు కప్పు తేగలడా అంటే, తేగలడు బాబూ. వాడి మాట విని చెయ్యి పైకెత్తీవోడు ఒకడు ఉండాల, అంతే. కానీ కప్పు తేని వాడి మాట టీ కొట్లో ఎవరు వింటారు.

ఇప్పుడు చర్చి వెనకాల రింగు లేదు, అక్కడ కార్లు పెడతన్నారు. తెలుగు పాట మూడో చరణం దాకా వచ్చీసరికి నా గొంతూ, ఇంకో ఇద్దరి గొంతులూ అంతే మిగులుతన్నాయి. పిల్లలకి చెప్తే నవ్వుతారు, బర్మా బాసలో జవాబిస్తారు. అప్పుడు మా మాట ఎవడూ అందుకోకూడదని ఎంత కోరుకున్నానో. మొన్న ఆ టీ కొట్లో, టీవీలో పొట్టోడు బంతి పట్టుకుని ఆఖరి నిమిషంలో ముందుకొస్తంటే, నా నోట్లోంచి వెనక్కి అని గట్టిగానే వచ్చీసింది. ఆ మాట తెలిసి ఎవరైనా తిరిగి చూస్తారేమోనని ఒకసారి చుట్టూ చూసేను. కుర్రోళ్లు ఆట చూసుకుంటన్నారు.